గేమింగ్ పీసీ అడుగుతున్న పిల్లలు, ర్యామ్ ధర చూసి ఆగిన పెద్దలు

ఎస్‌ఎస్‌ఎల్‌సీ పరీక్షలకు ముందు "మంచి మార్కులు తెచ్చుకో, కంప్యూటర్ కొనిస్తా" అని మాట ఇచ్చిన ఇళ్లు మన బడుల్లో తక్కువేమీ లేవు. పరీక్షలు ముగిసే వేళకు ఆ మాట బాకీ అవుతుంది. పైగా పిల్లవాడు అడిగేది ఉత్త కంప్యూటర్ కాదు, "గేమింగ్ పీసీ". నిరుడు మేనమామ కొడుకు కొన్నప్పుడు ఇంత కాలేదే అని తండ్రి అంటాడు. వాడికి కొనిచ్చారు, నాకెందుకు కొనివ్వరు అని కొడుకు అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఏడాది తిరిగేలోగా ధరలు నిజంగానే మారిపోయాయి.

మారింది ముఖ్యంగా ర్యామ్ ధర. కృత్రిమ మేధ కోసం ప్రపంచమంతా కడుతున్న డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు గుట్టలుగా కావాలి. ఈ చిప్పులను పెద్ద ఎత్తున తయారుచేసేవి ప్రధానంగా మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. డేటా సెంటర్లు ఎక్కువ ధర ఇస్తుంటే ఫ్యాక్టరీలు అటు తిరిగాయి. 2025 డిసెంబరు 3న మైక్రాన్, 'క్రూషియల్' పేరుతో సామాన్యులకు అమ్మే ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అసెంబ్లింగ్ దుకాణాల్లో ఏళ్లుగా వినబడిన పేరు అది. 2025 మొదట్లో రెండు వేల లోపే దొరికిన 8 జీబీ డీడీఆర్‌4 స్టిక్ ధర ఏడాది చివరికి రెండింతలు దాటింది. కొత్త రకమైన డీడీఆర్‌5 అంతకంటే ఎక్కువ పెరిగింది. ఎస్‌ఎస్‌డీలు, గ్రాఫిక్స్ కార్డులు కూడా మెమరీ చిప్పులతో తయారయ్యేవే కాబట్టి వాటికీ సెగ తగులుతోంది.

జీఎస్‌టీ తగ్గింది కదా అని కొందరు అడుగుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద టీవీలు, ఏసీలు 28 శాతం నుంచి 18కి దిగిన మాట నిజమే. కంప్యూటర్లు అంతకుముందు కూడా 18 శాతంలోనే ఉన్నాయి, ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. ఆ తగ్గింపుతో మనకు ఒరిగిందేమీ లేదు.

ఇదే సమయంలో ఇంకొకటి జరిగింది. దాని గురించి తక్కువ మంది మాట్లాడుతున్నారు గానీ, మనలాంటి ఇళ్లకు అదే ముఖ్యం. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. ఇళ్లలో వాడుకునేవారికి భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు పొడిగించుకునే వీలుంది, ఆ తర్వాత అదీ లేదు. దానితో బెంగళూరు, హైదరాబాదుల్లో కంపెనీలు పాత ఆఫీసు డెస్క్‌టాప్‌లను వదిలించుకుంటున్నాయి. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ పేర్లతో అవి రీఫర్బిష్డ్ దుకాణాలకు చేరుతున్నాయి. వాటిలో ర్యామ్ ముందే ఉంటుంది. కొత్త ర్యామ్ బంగారమైన ఈ ఏడాది, తక్కువ బడ్జెట్ ఉన్నవారు మొదట చూడవలసింది అటే అని మా అభిప్రాయం.

అయితే చౌకగా వస్తున్నవాటిలో రెండు రకాలున్నాయి. ఆ తేడా తెలియకపోతే డబ్బు పోతుంది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆపైది, ఏఎండీలో రైజెన్ 2000 వరుస లేదా ఆపైది ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం కూడా ఉండాలి. తరం కనుక్కోవడం కష్టం కాదు. ప్రాసెసర్ పేరులో గీత తర్వాతి అంకె చూడండి. ఐ5-8500 అంటే 8వ తరం, ఐ5-7500 అంటే 7వ తరం, ఐ5-2400 అంటే 2011 నాటి 2వ తరం. మూడింటి మీదా "ఐ5" అనే స్టిక్కరే ఉంటుంది. "ఐ5 సార్, మంచి మిషన్" అన్న మాట దగ్గరే ఆగితే పదిహేనేళ్ల నాటి పెట్టె ఇంటికొస్తుంది. 7వ తరం, అంతకు ముందువి మరీ చౌకగా దొరికేది వాటికి విండోస్ 11 ఎక్కదనే. వాటికి వేరే ఉపయోగం ఉంది, బడి సంగతి వచ్చినప్పుడు చెబుతాం.

ఇక్కడ పిల్లల్ని ఒక ప్రశ్న అడగాలి: ఆడాలనుకుంటున్న ఆట ఏది? "అన్నీ" అంటే ఒప్పుకోవద్దు, పేర్లు చెప్పించండి. నాన్నల తరం ఇంటర్నెట్ సెంటర్లలో ఆడిన వైస్ సిటీ, ఈఏ క్రికెట్ 07 ఇప్పటికీ ఆడేవాళ్లున్నారు. వాటికి ఏ పెట్టె అయినా సరిపోతుంది. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5కు మామూలు గ్రాఫిక్స్ కార్డు ఒకటి చాలు. వాలరెంట్ చాలా తక్కువ స్థాయి యంత్రాల మీద కూడా నడిచేలా తయారైన ఆట. కానీ విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్ చేసి ఉంటేనే తెరుచుకుంటుంది. పాత పెట్టెలో అడ్డదారిన విండోస్ 11 ఎక్కించి అమ్మేవాళ్ల దగ్గర కొన్న పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. కంప్యూటర్ నడుస్తుంది, ఆట నడవదు. ఇక బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ ఫోను ఆటలు. వాటి కోసం కంప్యూటర్ కొనడం వృథా.

చదరంగం ఆడే పిల్లలకైతే గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు. 2025లో రియాద్‌లో జరిగిన ఇ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో చదరంగాన్ని తొలిసారి చేర్చారు. మన వరంగల్ అబ్బాయి అర్జున్ ఇరిగేశి అందులో సెమీఫైనల్ దాకా వెళ్లాడు. "గేమింగ్" అనే మాట వినగానే ఉలిక్కిపడే ఉపాధ్యాయులకు ఈ సంగతి చెప్పదలిచాం.

ఉలికిపాటుకు కారణం లేకపోలేదు. డబ్బు పందెం ఆటలతో మునిగిన కుటుంబాలను అందరం చూశాం. 2025 ఆగస్టు 20, 21 తేదీల్లో పార్లమెంటు ఆమోదించి, 22న రాష్ట్రపతి సంతకంతో చట్టమైన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ రెండింటినీ వేరు చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిర్వహించడం, ప్రచారం చేయడం నేరం. నిర్వహించేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉంటుంది. ఇ-స్పోర్ట్స్‌ను మాత్రం అదే చట్టం గుర్తించి ప్రోత్సహిస్తానంది. కాబట్టి ఇంట్లో పెట్టాల్సిన హద్దు కూడా అక్కడే ఉండాలి. ఆటలో డబ్బు పెట్టే మార్గం ఉందా లేదా అన్నదే చూడండి. బ్యాంకు కార్డు, యూపీఐ పిల్లల ఖాతాకు జోడించకుండా ఉంచడం మీ చేతిలో పని.

ఇప్పుడు పెట్టె దగ్గరికి వద్దాం. తక్కువ డబ్బుతో వెళ్లదగ్గ దారులు రెండు.

మొదటిది, 8వ తరం లేదా తర్వాతి ఆఫీసు డెస్క్‌టాప్ కొని, దానికి చిన్న గ్రాఫిక్స్ కార్డు జోడించడం. అమ్మేవాళ్లు చెప్పని చిక్కు ఇందులో ఒకటుంది. ఈ ఆఫీసు పెట్టెల్లోని ఎస్‌ఎంపీఎస్, అంటే కరెంటు సరఫరా చేసే డబ్బా, చాలావాటిలో 300 వాట్ల లోపే ఉంటుంది. కార్డుకు విడిగా కరెంటిచ్చే వైరు ఉండదు. దాని ఆకారం, కనెక్టర్లు ఆ కంపెనీకే ప్రత్యేకం, బజారులో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు. అందువల్ల మదర్‌బోర్డు స్లాటు నుంచే కరెంటు తీసుకునే, 75 వాట్లు మించని కార్డు మాత్రమే వేయాలి. జీటీఎక్స్ 1650లో విడి వైరు అక్కర్లేని రకం, ఆర్‌ఎక్స్ 6400 అలాంటివి. పెట్టె సన్నటిదైతే కార్డు కూడా పొట్టిది, లో-ప్రొఫైల్‌ది, కావాలి. అరచేతిలో పట్టే 'మినీ' డెస్క్‌టాప్‌లు ముచ్చటగా ఉంటాయి గానీ వాటిలో మామూలు కార్డు పట్టదు, ర్యామ్ కూడా ల్యాప్‌టాప్ రకం. ఆటలకైతే అవి వద్దు.

రెండోది, గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉన్న రైజెన్ 5 5600జీ లాంటిదానితో పెట్టె అసెంబుల్ చేయించడం. విడి కార్డు లేకుండానే తేలికపాటి ఆటలు నడుస్తాయి. రేపు చేతిలో డబ్బున్నప్పుడు కార్డు వేసుకోవచ్చు. పాత రకం డీడీఆర్‌4 ర్యామే పడుతుంది కాబట్టి, బంధువుల ఇంట్లో మూలపడ్డ డెస్క్‌టాప్ ఏదైనా ఉంటే ముందు దాని ర్యామ్ చూడండి. ఇలాంటి ప్రాసెసర్లకు ఒక గుణం ఉంది. 8 జీబీ స్టిక్ ఒకటి వేసినదానికంటే 4 జీబీవి రెండు జతగా వేస్తే ఆటలు బాగా వేగంగా నడుస్తాయి. గ్రాఫిక్స్ కూడా అదే ర్యామ్‌ను వాడుకుంటుంది, రెండు దారుల్లో డేటా రావడం దానికి మేలు. 4 జీబీ స్టిక్కులను ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు, కాబట్టి పాతవి అడిగితే దొరుకుతాయి. 8 జీబీతో నేటి పెద్ద ఆటలు ఇరుకే. ఈ ధరల్లో మాత్రం 8తో మొదలుపెట్టి, ధర దిగాక పెంచుకోవడమే తెలివి.

ఈ రెండు దారుల్లోనూ తగ్గించుకోకూడనివి రెండు: ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్. పాత హార్డ్ డిస్కుతో ఎంత మంచి ప్రాసెసరూ ఈడుస్తుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ వేస్తే పాత పెట్టె కొత్తదానిలా లేస్తుంది. ఆటల ఫైళ్లకు పాత డిస్కును రెండోదిగా ఉంచుకోవచ్చు. ఎస్‌ఎంపీఎస్ విషయంలో, క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే తేలికైన డబ్బాను నమ్మవద్దు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ గుర్తున్నది తీసుకోండి. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పోయేటప్పుడు ఒంటరిగా పోదు, మదర్‌బోర్డును కూడా తీసుకుపోతుంది. రంగురంగుల లైట్లు, అద్దపు తలుపు, "గేమింగ్" అని రాసిన కీబోర్డు మాత్రం ఆటను ఒక్క ఫ్రేము కూడా పెంచవు. పిల్లలకు ఆ లైట్లే ముద్దు, అది మాకూ తెలుసు. దీపావళికి కొనిస్తామనండి.

సెకండ్ హ్యాండ్ కార్డుల్లో మోసం ఎక్కువ. మాలో ఒకరు జీటీఎక్స్ 1050 టీఐ అనుకుని కొన్నది, లోపల మరీ పాత చిప్పుకు పేరు మార్చి రాసినదని ఇంటికొచ్చాక తేలింది. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇలాంటి కార్డులను "ఫేక్" అని చూపిస్తుంది. దుకాణంలోనే అది నడిపి చూపమని అడగండి. అసలైన 1050 టీఐ అయినా ఇప్పుడు కొనమని మేము చెప్పం. ఎన్‌విడియా 2025 అక్టోబరు తర్వాత ఆ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు ఆపి, భద్రతా సవరణలకే పరిమితమైంది. 1650 దాని తర్వాతి తరం, ఆ ఇబ్బంది లేదు. ఇక జీటీ 710 అనేది మానిటరుకు బొమ్మ పంపడానికే గానీ ఆటకు కాదు. "2 జీబీ గ్రాఫిక్స్ కార్డ్" అని ప్రకటనలో రాసింది చాలాసార్లు ఇదే.

ఎక్కడ కొనాలి? బెంగళూరు ఎస్పీ రోడ్డులో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ధర తక్కువగానే ఉంటుంది. కానీ పాత వస్తువుకు రిపేరు వచ్చే అవకాశం ఎక్కువ. బళ్లారి నుంచి బెంగళూరు దాదాపు 300 కిలోమీటర్లు. వారంటీ కోసం డబ్బా భుజాన వేసుకుని ఒకసారి వెళ్లొస్తే మిగిలిన వెయ్యి రూపాయలు దారి ఖర్చుకే సరి. ఊళ్లో కాస్త ఎక్కువైనా, బిల్లు ఇచ్చి, మూడు నెలలైనా రాతపూర్వకంగా పూచీ ఇచ్చే దుకాణం మేలు. కొనే ముందు అరగంట ఆట నడిపించి చూడండి. చిన్న మచ్చలన్నీ వేడెక్కాకే బయటపడతాయి.

వేడి అన్నాం కాబట్టి, ఊరి సంగతి. కంప్యూటర్ల గురించి వచ్చే సలహాలన్నీ ఏసీ గదుల్లో కూర్చుని రాసినవి. లోపలి భాగాల వేడి గది వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల గదిలో ఆట ఆడేటప్పుడు ప్రాసెసర్ 75 డిగ్రీలకు చేరితే, 40 డిగ్రీల మన వేసవి గదిలో అదే పెట్టె 90 దగ్గర ఉంటుంది. 95, 100 దగ్గరికొచ్చేసరికి ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆట ఆగి ఆగి నడవడం మొదలవుతుంది. "కంప్యూటర్ స్లో అయింది, కొత్తది కావాలి" అని పిల్లలు అనేది ఏప్రిల్, మే నెలల్లో ఎక్కువ. చాలాసార్లు కావలసింది కొత్తది కాదు, శుభ్రం చేయడం.

బళ్లారి దుమ్ము మామూలు దుమ్ము కాదు. సండూరు, తోరణగల్లు వైపు ఖనిజం లారీలు తిరిగే దారుల పక్క ఇళ్లలో సన్నటి ఎర్రమన్ను ఫ్యాను రెక్కల మీద పేరుకుంటుంది. జీన్స్ కుట్టే ఇళ్లలో ఇంకో రకం. బట్ట నుంచి లేచే నీలం నూగు ప్రాసెసర్ మీది లోహపు రేకుల మధ్య దూరి, పరుపులా అట్టకడుతుంది. గాలి దూరడానికి సందు ఉండదు. అలాంటి ఇంట్లో ఆరు నెలలు తెరవని పెట్టె లోపల చూస్తే ఫ్యాను వెనక రేకులే కనబడకపోవచ్చు.

పని చాలా సులువు. నెలకోసారి స్విచ్ ఆపి, వైరు ప్లగ్గు నుంచి పీకి, పెట్టెను ఆరుబయటికి తీసుకెళ్లి, పక్క తలుపు తెరిచి బ్లోయర్‌తో ఊదాలి. ఊదేటప్పుడు ఫ్యాను గిరగిరా తిరగనివ్వకుండా పెన్సిలు అడ్డం పెట్టాలి, లేకపోతే దాని బేరింగు దెబ్బతింటుంది. ఇల్లు ఊడ్చే వ్యాక్యూమ్ క్లీనర్ లోపల పెట్టవద్దు, దాని నుంచి పుట్టే స్థిర విద్యుత్తు చిప్పులను పాడుచేయగలదు. ముందు వైపు గాలి లోపలికి వెళ్లేచోట దోమతెర గుడ్డ ముక్క బిగిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. దాన్ని వారానికోసారి కడగాలి. పెట్టెను నేల మీద కాకుండా జానెడెత్తు పీట మీద, గోడకు జానెడు దూరంలో ఉంచండి. కంప్యూటర్ టేబుళ్లకు కింద తలుపుతో ఒక అర ఇస్తారు చూడండి, దానిలో పెట్టడమంటే యంత్రాన్ని పొయ్యిలో పెట్టడమే. ఆ తలుపు ఊడదీసేయండి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నదానికి ఇంటికి తేగానే మరో రెండు పనులున్నాయి. ప్రాసెసర్‌కూ దాని పై లోహానికీ మధ్య రాసే థర్మల్ పేస్టు ఏళ్ల తరబడి ఎండిపోయి ఉంటుంది. దాన్ని తుడిచి శనగగింజంత కొత్తది వేయించాలి. మదర్‌బోర్డు మీద బిళ్లలా ఉండే సీఆర్ 2032 సెల్లు మార్చాలి. ఆ సెల్లు అయిపోతే ఆపిన ప్రతిసారీ తేదీ పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. తేదీ తప్పయితే వెబ్‌సైట్లు భద్రత లేదంటూ తెరుచుకోవు. "నెట్ రావడం లేదు" అని మెకానిక్‌ను పిలిచి వందలు పోసిన ఇళ్లున్నాయి. సెల్లు ఖరీదు గోడగడియారం సెల్లుకు కొంచెం ఎక్కువ, అంతే.

కరెంటు దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు. మొదట ఎర్తింగు చూసుకోండి. పెట్టె వెనక లోహాన్ని తాకితే చెయ్యి జివ్వుమంటే ఎర్తింగు లేదన్న మాటే. మూడు పుల్లల ప్లగ్గుకు రెండు పుల్లల అడాప్టర్ తగిలించి వాడే ఇళ్లలో ఇది మామూలు. ఎలక్ట్రీషియన్‌తో సరిచేయించే దాకా కొత్త కార్డు వేయవద్దు. కుట్టు మిషన్ల మోటార్లు నడిచే ఇంట్లో కంప్యూటర్‌ను అదే స్విచ్‌బోర్డుకు తగిలించవద్దు. మోటారు మొదలైన ప్రతిసారీ వోల్టేజీ ఒక్క క్షణం కుంగుతుంది. 600 వీఏ యూపీఎస్ చిన్న పెట్టెకు సరిపోతుంది. అది ఆట పూర్తి చేసుకోవడానికి కాదు, కరెంటు పోయాక సేవ్ చేసి ఆపుకోవడానికి. దాని బ్యాటరీ రెండు మూడేళ్లకు మార్చాలి. ఉరుములు మొదలైతే కరెంటు వైరుతోపాటు ఇంటర్నెట్ వైరు కూడా పీకండి. పిడుగు ఆ దారినా వస్తుంది.

నెల బిల్లు కూడా లెక్కలోకి తీసుకోవాలి. గృహజ్యోతిలో ఉచితంగా వచ్చేది అందరికీ 200 యూనిట్లు కాదు. 2022-23లో మీ ఇంటి సగటు వాడకానికి కొంత అదనం కలిపి హద్దు పెట్టారు. ఆ హద్దు దాటిన యూనిట్లకు డబ్బు కట్టాలి, 200 దాటితే మొత్తం బిల్లు మీదే. మానిటర్‌తో కలిపి 100 వాట్లు తాగే పెట్టె రోజుకు 4 గంటలు నడిస్తే నెలకు 12 యూనిట్లు. 250 వాట్ల గేమింగ్ పెట్టె అయితే 30 యూనిట్లు. చిన్న ఇంటికి ఈ 18 యూనిట్ల తేడా సున్నా బిల్లుకూ కట్టాల్సిన బిల్లుకూ మధ్య తేడా. పెద్ద కార్డు వద్దనడానికి మీ దగ్గరున్న గట్టి కారణం ఇదే. పిల్లవాడితోనే లెక్క వేయించండి.

ఇక బడి. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసినప్పటి నుంచి, ఇక్కడి తెలుగు బడి తనకు కావలసిన సరంజామాలో చాలా భాగం తానే సమకూర్చుకుంటోంది. ప్రశ్నపత్రం, వర్క్‌షీటు, ఆహ్వానపత్రిక తెలుగులో కావాలంటే ఎవరో ఒక ఉపాధ్యాయుడు కూర్చుని టైపు చేయాలి. ఆ టైపింగ్ చాలాచోట్ల అను ఫాంట్లలో, ఏ విండోస్ 7 యంత్రంలోనో ఏళ్లుగా సాగుతోంది. అను ఫాంట్లలో చేసిన ఫైలు, ఆ సాఫ్ట్‌వేర్ లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని గుర్తులుగా కనబడుతుంది. ఆ ఒక్క పాత కంప్యూటర్ పోతే పదేళ్ల ప్రశ్నపత్రాలు పోయినట్టే. ల్యాబ్‌లో అన్నిటికంటే విలువైనది అదే అయినా, స్క్రాప్‌కు మొదట వెళ్లేదీ అదే.

విండోస్ 10తో ఆగిపోయిన యంత్రాలను అమ్మేయాలని అనుకుంటున్న యాజమాన్యాలు కొంచెం ఆగాలని మా సూచన. 4వ తరం, 6వ తరం పెట్టెలకు చిన్న ఎస్‌ఎస్‌డీ వేసి, లినక్స్ మింట్ లాంటి ఉచిత వ్యవస్థ ఎక్కిస్తే రోజువారీ పనికి ఇంకా కొన్నేళ్లు వస్తాయి. యూనికోడ్ తెలుగు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే ఉంటాయి. లిబ్రె ఆఫీస్ మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. కేరళలో 'కైట్' అనే ప్రభుత్వ సంస్థ బడి కంప్యూటర్లను ఏళ్లుగా ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే నడిపిస్తోంది. పిల్లలు వాలరెంట్ నడవదని మూతి ముడుస్తారు, నిజమే, అది లినక్స్‌లో నడవదు. సూపర్‌టక్స్‌కార్ట్ నడుస్తుంది, చదరంగం నడుస్తుంది, దిమ్మెలు పేర్చి ఊళ్లు కట్టే లువాంటి నడుస్తుంది. శనివారం మధ్యాహ్నానికి అవి చాలు.

ఇంట్లో గేమింగ్ పీసీ కావాలని పోరుపెడుతున్న ఆ పిల్లవాడికి ఈ పని అప్పగించి చూడండి. ర్యామ్ ఎటు తిప్పి గుచ్చాలో, పేస్టు ఎంత వేయాలో వీడియోలు చూసి వాడికి ముందే తెలుసు. చేతికి యంత్రమే దొరకలేదు. పాడైన యంత్రాలు రెండు కలిపి ఒకటి నిలబెట్టగలిగిన పిల్లకు గానీ పిల్లవాడికి గానీ, రేపు డిప్లొమాలో అందరూ మొదటిసారి పెట్టె తెరుస్తున్నప్పుడు భాష తడబడినా చెయ్యి తడబడదు. ఉపాధ్యాయుడు పక్కన ఉండాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పకూడదు, ప్లగ్గు పీకాక కూడా అందులో షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

సెలవులకు ముందు చేయవలసిన మొదటి పని మాత్రం దుమ్ము దులపడం కాదు. ఆ పాత తెలుగు ఫైళ్లు రెండు వేర్వేరు పెన్‌డ్రైవుల్లోకి కాపీ చేసి, ఒకటి బడి బీరువాలో, ఒకటి ప్రధానోపాధ్యాయుల ఇంట్లో ఉంచాలి. వీలైనన్ని పీడీఎఫ్‌గా కూడా మార్చాలి, ఫాంటు లేకపోయినా చదవవచ్చు. కొత్తగా చేసే టైపింగ్ యూనికోడ్‌లోనే మొదలుపెట్టాలి. విండోస్ 11లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ముందే ఉంది, సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే చాలు. ఆ తర్వాత యంత్రాలు తెరవండి. కిటికీ వైపు వరుసతో మొదలుపెట్టండి, ఎర్రమన్ను ఎక్కువగా చేరేది అక్కడే.